టార్పాలిన్ పట్టాల కింద కూరగాయల సంతను ఫొటో తీయడం ఎలా?

కూరగాయల సంతను ఫొటో తీయడం తేలికని చాలామంది అనుకుంటారు. రంగులు అక్కడ కుప్పలుగా పోసి ఉంటాయి, మనుషులు ఎవరి పనిలో వారుంటారు, ఎవరినీ పోజు పెట్టమని బతిమాలనక్కర్లేదు. అయినా ఇంటికి వచ్చి చూసుకుంటే అమ్మేవారి ముఖాలు నీలం బారి, టమాటాలు వాడిన వంకాయల రంగులోకి మారి ఉంటాయి. ఆ నీలమంతా నెత్తిన కట్టిన టార్పాలిన్ పట్టా నుంచి దిగినదే. దాన్ని పట్టించుకోకుండా కొత్త లెన్సులు కొనేవారిని చూసి విసిగిపోయి ఈ పద్ధతి రాస్తున్నాను.

పరికరాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రా ఫైలు (సెన్సరు నమోదు చేసిన వివరాన్ని దాదాపు అలాగే దాచే ఫైలు) ఇచ్చే కెమెరా ఏదైనా సరిపోతుంది, ఫోను కూడా. లెన్సు 35 మిల్లీమీటర్లది ఒక్కటే ఉండాలి. ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సరు కెమెరాకైతే 23 మిల్లీమీటర్లది. జూమ్ లెన్సు సంతలోకి తేకూడదు, అది దూరంగా నిలబడి దొంగచాటుగా తీసే అలవాటు నేర్పుతుంది. షట్టరు వేగం 1/250 సెకను, తక్కెడ ఊగుతుంటే 1/500. ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో ఉంచి గరిష్ఠం 3200కు కట్టేయండి. పట్టా అవతల ఎండ పడిన నేల తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజరును ఒక స్టాపులో (వెలుగు సగమయ్యే మెట్టులో) మూడింట రెండు వంతులు తగ్గించండి. నీడలను తరువాత కొంత లేపుకోవచ్చు గాని, పూర్తిగా కాలిపోయిన తెలుపులో వివరం ఏదీ మిగలదు.

ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు వెళ్లండి. ఎండ ఏటవాలుగా పట్టా కిందికి దూరే సమయం అదే, బేరాలు జోరుగా సాగే సమయమూ అదే. అమ్మే ఆవిడ దగ్గర పావుకిలో పచ్చిమిర్చి కొని, “అమ్మా, మీ పని మీరు చేసుకోండి, నేను పక్కనుంచి రెండు ఫొటోలు తీసుకుంటాను” అని అడగండి. వద్దంటే వదిలేయండి. సరేనన్న ఆవిడ కాసేపటికి మీరున్న సంగతే మరచిపోతుంది. తీయదగిన ఫొటోలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇక అందరూ చెడగొట్టే చోటికి వద్దాం. ఎండ పట్టా గుండా దిగేటప్పుడు పట్టా తన రంగు వెలుగునే ఎక్కువగా వదిలి, మిగిలిన రంగులను చాలావరకు ఆపేస్తుంది. ముదురు నీలి పట్టా కింద ఎర్రటి వెలుగు చాలా తక్కువగా ఉంటుంది. టమాటా ఎర్రగా కనిపించాలంటే దాని మీద ఎర్రటి వెలుగు పడాలి కదా. ఎర్ర గొడుగు కిందైతే ఇదే కథ తిరగబడి ఆకుకూరలు నల్లబడతాయి. మన కళ్లు ఆ నీలానికి త్వరగా అలవాటుపడిపోతాయి కాబట్టి అక్కడ నిలబడి చూస్తున్నంతసేపూ అంతా సవ్యంగానే తోస్తుంది. సెన్సరు మాత్రం ఉన్నది ఉన్నట్టు నమోదు చేస్తుంది. తరువాత వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులను సరిచేసే అమరిక) ఎంత జరిపినా ఉన్న కాస్త ఎరుపును హెచ్చించడమే అవుతుంది గాని లేని ఎరుపు పుట్టదు, పైగా హెచ్చించిన కొద్దీ నీడల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) పెరుగుతుంది.

దీనికి తోడు అక్కడ ఉండేది ఒక్క వెలుగు కాదు. పైనుంచి పట్టా రంగు దిగుతుంది, తెరిచి ఉన్న పక్కనుంచి మామూలు పగటి వెలుగు వస్తుంది. ఒకే ముఖంలో ఒక చెంప నీలంగా, రెండోది సహజంగా ఉంటుంది. నీలి చెంపను సరిచేద్దామని ఎడిటింగ్‌లో ఫొటో మొత్తానికి ఉష్ణోగ్రత (రంగును నీలం నుంచి పసుపు వైపు జరిపే స్లైడరు) పెంచితే రెండో చెంప పసుపు పూసినట్టు తయారవుతుంది. గ్రే కార్డు (రంగు సరిచేసేందుకు కొలమానంగా వాడే బూడిదరంగు అట్ట) పట్టుకుని వచ్చేవారు ఈ ఉచ్చులోనే పడతారు. ఆ కార్డు స్టూడియోలో ఎంతో మేలు చేస్తుంది, సంతలో రెండు వెలుగుల్లో ఒకదానినే సరిచేయగలదు.

కాబట్టి మందు ఎడిటింగ్‌లో కంటే మీరు నిలబడే చోట ఎక్కువగా ఉంది. పట్టా అంచు నుంచి రెండు మూడు అడుగుల లోపల కూర్చున్నవారినే ఎంచుకోండి. వారి ముఖం తెరిచిన వైపుకు తిరిగి ఉండాలి, మీరూ ఆ వైపునే కాస్త పక్కగా నిలబడాలి. అనుమానంగా ఉంటే మీ అరచేతిని వారి ముఖమంత ఎత్తులో, అటే తిప్పి పెట్టి ఒక ఫొటో తీసి తెర మీద చూడండి. చేయి నీలంగా ఉంటే చోటు మార్చండి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో ఉంచకుండా పగటి వెలుగుకు తగిన 5500 కెల్విన్ దగ్గర స్థిరపరచండి. ఆటోలో ఉంటే ఫ్రేములోకి పట్టా ఎంత వచ్చిందన్న దాన్నిబట్టి ప్రతి ఫొటోకూ రంగు మారి, తెర మీద చూసి చేసే ఈ పరీక్షే పనికిరాకుండా పోతుంది.

ఎడిటింగ్‌లో ముందుగా తెరిచిన వైపు చెంపకు తగినట్టు ఉష్ణోగ్రత కుదర్చండి. ఐడ్రాపర్‌ను (నొక్కిన చోటును తటస్థ రంగుగా తీసుకుని సరిచేసే సాధనాన్ని) తెల్ల పంచె మీద నొక్కకండి, నీలిమందు పెట్టి ఉతికిన బట్ట తెలుపుకు కొలమానం కాదు. స్టీలు తక్కెడ పళ్లెం పట్టానే ప్రతిబింబిస్తుంది, అదీ వద్దు. చెంప మీద కర్సరు ఉంచి అంకెలు చదవండి: ఛాయ ఏదైనా చర్మంలో ఎరుపు అంకె అన్నిటికంటే ఎక్కువగా, తరువాత ఆకుపచ్చ, చివర నీలం ఉండాలి. నీలం ఆకుపచ్చను దాటిందంటే పట్టా రంగు ఇంకా వదలలేదు. అప్పుడు పట్టా వెలుగు పడిన భాగానికి మాత్రమే మాస్కు (మార్పు అక్కడికే పరిమితం చేసే హద్దు) గీసి, అక్కడ ఉష్ణోగ్రత కొద్దిగా పెంచి, సాచురేషన్‌ను (రంగు గాఢతను) 20 నుంచి 30 పాయింట్ల వరకు తగ్గించండి. నీలం పూర్తిగా పోనక్కర్లేదు, అది సంత అని తెలియాలి. ఫొటో మొత్తానికి నీలి స్లైడరు తగ్గించేవారు వంకాయలనూ, పక్కన నిలబడ్డ మనిషి నీలి లుంగీనీ కలిపి చంపేస్తారు. ముఖాలను తెల్లబరచే పని అసలే పెట్టుకోవద్దు. ఎండలో బతికే మనిషి ఛాయను మార్చే హక్కు ఫొటో తీసినవారికి లేదు.

ఈ తలనొప్పంతా ఎందుకని ఫొటోను నలుపు తెలుపులోకి మార్చేసి కళ అనిపించుకునేవారున్నారు. రంగు కుదరనందువల్ల చేసే నలుపు తెలుపును నేను ఒప్పుకోను. జైపూర్‌లో పుట్టిన రఘుబీర్ సింగ్, ఫొటోగ్రఫీలో రంగును తక్కువగా చూసే కాలంలోనే మన వీధులను రంగుల్లో, స్లైడ్ ఫిల్ము మీద తీశారు. తీశాక వైట్ బ్యాలెన్స్ జరుపుకునే వీలు ఆ ఫిల్ముకు లేదు. తగిన వెలుగును అక్కడికక్కడే ఎంచుకోవాలి.

మిగిలిన పని కొద్దిదే. తక్కెడ వేలాడే దారం నిలువుగా ఉండేలా ఫ్రేమును సరిచేసి, అంచుల్లోని ప్లాస్టిక్ సంచులను క్రాపులో తీసేయండి. వెలుగునీడల తేడాను గట్టిపరచే క్లారిటీ స్లైడరు జోలికి పోవద్దు, అది ముఖాల మీద మురికి పూస్తుంది. నెట్‌లో పెట్టడానికి ఎస్ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలో, పొడవైన అంచు 2048 పిక్సెళ్లతో జేపెగ్ చేయండి. ప్రింటు వేయించేటట్టయితే మ్యాట్ కాగితం అడిగి, మొత్తం వేయించే ముందు ఒక చిన్న ప్రింటు తీయించి, దాన్ని ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులో చూసుకోండి.