పేరు రాయని జాబితాల్లో మనిషిని వెతకడం ఎలా

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో బానిసత్వం అనుభవించిన ఒక కుటుంబ చరిత్రను వెలికితీయదలచిన విద్యార్థి 1870 జనాభా లెక్కలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి. విముక్తులైన వారిలో అత్యధికుల పేర్లు ఆ లెక్కల్లోకి ఎక్కినది అప్పుడే. 1850, 1860 నాటి బానిసల జాబితాల్లో యజమాని పేరు స్పష్టంగా ఉంటుంది. దాని కింద ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరుస, అందులో వయసు, ఆడో మగో, ఒంటి రంగు తప్ప సాధారణంగా పేరు ఉండదు. 1870లో 35 ఏళ్ల తల్లి, 12 ఏళ్ల కొడుకు కనిపిస్తే, 1860 జాబితాలో 25 ఏళ్ల స్త్రీ, రెండేళ్ల బాలుడు ఉన్నారేమో చూడాలి. వయసులు ఉజ్జాయింపుగా రాసినవే కనుక ఈ పోలికను నిర్ధారణగా రాయరాదు.

ఏ యజమాని జాబితా చూడాలన్నదే అసలు చిక్కు. విముక్తులందరూ ఆఖరి యజమాని ఇంటిపేరే పెట్టుకున్నారనుకోవడం పొరపాటు. విముక్తుల పొదుపు కోసం 1865లో ఏర్పడి 1874లో మూతపడిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాదారుల రిజిస్టర్లు ఇక్కడ ఆదుకుంటాయి. తొలినాళ్ల పత్రాల్లో పూర్వపు యజమాని, పుట్టిన చోటు, భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువుల వివరాలు అడిగేవారు. అమ్ముడుపోయి దూరమైన అన్నదమ్ముల పేర్లు సైతం కొందరు చెప్పి రాయించారు. బ్యాంకు మునిగి పొదుపు సొమ్ము పోగొట్టుకున్నవారు మనకు మిగిల్చిన వంశవృక్షాలవి.

యజమాని తెలిశాక కౌంటీ (జిల్లా వంటి పాలనా విభాగం) కోర్టులోని వీలునామాలు, ఆస్తి జాబితాలు, అమ్మకపు దస్తావేజులు చదవాలి. అక్కడ మనుషుల పేర్లు పశువుల, పనిముట్ల పక్కనే, డాలర్లలో వెల కట్టి ఉంటాయి. వారసుల పంపకంలో తల్లి ఒకరి వాటాకు, బిడ్డ మరొకరి వాటాకు పోయినట్టు కనబడితే, ఆ వారసులిద్దరి పత్రాలనూ వేర్వేరుగా వెతకాలి.

ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చిన ఓడల వరకు వెళ్లేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అట్లాంటిక్ బానిస వ్యాపారపు డేటాబేస్‌లో 36,000 దాకా ప్రయాణాలు నమోదయ్యాయి; సుమారు 1.25 కోట్ల మందిని ఓడలెక్కించగా దాదాపు 1.07 కోట్ల మందే ప్రాణాలతో ఒడ్డు చేరారని దాని అంచనా. ఒక కుటుంబాన్ని ఫలానా ఓడకు ముడిపెట్టగలగడం మాత్రం చాలా అరుదు. బ్రెజిల్ రికార్డుల్లోని ‘మినా’ వంటి మాటలను జాతి పేర్లుగా తీసుకోకండి. వేర్వేరు భాషల వారిని ఎక్కించిన తీరాన్ని బట్టి ఒకే గాటన కట్టిన ముద్రలవి.

మీ సూచికలో ప్రతి వ్యక్తినీ వెలతో గాక పేరుతోనే చేర్చండి. పేరు దొరకనివారికి పత్రం, పుట, వరుస సంఖ్య రాసి విడిగా ఒక పుట కేటాయించండి. మరో దస్తావేజులో పేరు బయటపడిన రోజున దాన్ని రాసే చోటు సిద్ధంగా ఉంటుంది.