కర్రసాము, కుస్తీ, చెడుగుడు కలిపి సెల్ఫ్ డిఫెన్స్ క్లాస్ మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి

పదేళ్ళ వయసు నుంచి మా పెదనాన్న దగ్గర కర్రసాము నేర్చుకున్నాను, సంక్రాంతికి ఊళ్ళో అందరి ముందు రెండు చేతులతో కర్రలు తిప్పేదాన్ని. అయినా ఇరవై రెండేళ్ళప్పుడు ఒక రాత్రి బస్టాండ్ వెనకాల ఒకడు నా మణికట్టు పట్టుకుని గుంజితే ఒక్కటంటే ఒక్కటి గుర్తుకురాలేదు. చేతిలో కర్ర లేదు, ఉన్నా తిప్పడానికి చోటు లేదు, పక్కనే గోడ. టీ కొట్టాయన గట్టిగా కేకేస్తే వాడు వదిలేసి పోయాడు. ఆ రాత్రంతా పెదనాన్న నేర్పిన విద్య మీదే కోపం వచ్చింది నాకు. తర్వాత రెండేళ్ళు జూడో, కొన్నాళ్ళు బాక్సింగ్ నేర్చుకున్నాక అర్థమైంది, విద్యలో తప్పేం లేదు, నేర్చుకున్న అన్నేళ్ళలో నన్ను ఎవరూ నిజంగా పట్టుకోలేదు, నేను నిజంగా విడిపించుకోలేదు, అంతే.

ఇప్పుడు ఆదివారాలు స్కూల్ గ్రౌండ్‌లో పద్నాలుగు మంది అమ్మాయిలకి నేర్పిస్తున్నాను. వేరే ఊళ్ళ నుంచి ఎలా మొదలుపెట్టాలక్కా అని అడుగుతుంటారు, వాళ్ళ కోసం మేం చేస్తున్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొట్టమొదట ఒక నోట్‌బుక్ తీస్కుని మీ చుట్టుపక్కల ఎలాంటి దాడులు జరుగుతాయో రాస్కోండి. మీ వీధిలో ఆడవాళ్ళని, కాలేజీకెళ్ళే పిల్లల్ని, రాత్రి షిఫ్టు చేసేవాళ్ళని అడగండి. మా లిస్టులో వచ్చినవి ఇవి: మణికట్టు పట్టుకోవడం, జుట్టు పట్టుకుని లాగడం, వెనక నుంచి వాటేసుకోవడం, గోడకి నెట్టి గొంతు పట్టుకోవడం, చెంప మీద కొట్టడం, బండి మీద వచ్చి గొలుసు లాగడం. కత్తి ఒక్కసారి వచ్చింది. ఎగిరి తన్నేవాడు ఒక్కడూ రాలేదు. మీ సిలబస్ ఆ లిస్టే, ఏ విద్యలోంచి ఏం తీస్కోవాలన్నా ముందు ఆ కాగితం చూస్కోవాలి.

ఇంక కర్రసాములోంచి ఏం తీస్కోవాలో చెప్తాను, దీని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడతాను ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు. జనం చప్పట్లు కొట్టేది కర్ర గిర్రున తిరిగినప్పుడు, కానీ అందులో అసలు సొత్తు అడుగులు. మా పెదనాన్న మొదటి ఆర్నెల్లు నాకు కర్రే ఇవ్వలేదు, నేల మీద ముగ్గుతో గీతలు గీసి అడుగులేయించాడు, ఎదుటివాడు నేరుగా వస్తే మనం నేరుగా వెనక్కి పోకుండా ఏటవాలుగా పక్కకి తప్పుకోవడం, పాదం ఈడ్చుకుంటూ పోవడం, కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడకుండా చూస్కోవడం. ఈ అడుగు చెంపదెబ్బకీ పనికొస్తుంది, తోపుకీ పనికొస్తుంది, చేతులు ఖాళీగా ఉన్నా పనికొస్తుంది. రెండోది దూరం లెక్క. వాడి చెయ్యి నాకు అందుతుందా లేదా అన్నది కళ్ళకి అలవాటైపోతుంది, రెండేళ్ళు ఎదురుబొదురు కర్ర పట్టినవాళ్ళకి అది ఎవరూ చెప్పక్కర్లేదు. మూడోది పొడుపు. తిప్పడానికి చుట్టూ చోటు కావాలి, పొడవడానికి అక్కర్లేదు, గొడుగుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మొన ముందుకి పెట్టి ఛాతీ మీద పొడిస్తే ఆటోలోంచి దిగేటప్పుడైనా, మెట్ల మీదైనా పని జరుగుతుంది. కాబట్టి పొడవాటి వెదురు కర్రతో నేర్పండి, ఆ తర్వాత అదే కదలికని మూరెడు కర్రతో, ఆ తర్వాత గొడుగుతో చేయించండి. తిప్పుడు తీసేయమని నేను అనట్లేదు, భుజాలకీ మణికట్లకీ మంచి వ్యాయామం, పైగా పిల్లలకి అదంటేనే ఇష్టం, క్లాస్ మొదట్లో పది నిమిషాలు ఉంచండి, కానీ అది వ్యాయామం అని వాళ్ళకి చెప్పండి.

కుస్తీ నుంచి నడుము బలం, మెడ బలం, దగ్గరగా పట్టుకున్నప్పుడు బ్యాలెన్స్ తీస్కోండి. దండీలు, బస్కీలు ఎట్లాగూ చేయిస్తాం. మీ ఊళ్ళో తాలింఖానా, అంటే కుస్తీ నేర్పే చోటు, ఇంకా నడుస్తుంటే ఆ ఉస్తాద్ దగ్గరికి వెళ్ళి మర్యాదగా అడగండి, ఒక ఆదివారం వచ్చి పట్టు విడిపించుకోవడం చూపించమని, చాలామంది సంతోషంగా వస్తారు. కానీ ఒక్క విషయం మార్చుకోవాలి. కుస్తీలో ఎదుటివాణ్ణి చిత్ చేసి వీపు నేలకి ఆనిస్తే గెలిచినట్టు, రోడ్డు మీద వాణ్ణి పడేసి వాడి మీద మనమూ ఉండిపోతే వాడి స్నేహితుడు వచ్చి తలమీద తంతాడు. పడేయడం నేర్పండి, పడేశాక లేచి పరిగెత్తడం కూడా అదే పట్టులో భాగంగా నేర్పండి.

జూడో నుంచి మేం ముందుగా తీస్కున్నది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకి తగలకుండా, చేత్తో నేలని చరుస్తూ పడటం. జీవితంలో ఎవరితోనూ కొట్లాడకపోయినా బండి మీంచి పడ్డప్పుడు ఇది పనికొస్తుంది. బాక్సింగ్ నుంచి తల కాచుకోవడం, గుద్దు మాత్రం అరచేతిలో మణికట్టుకి ఆనుకుని ఉండే గట్టి భాగంతో, ఎందుకంటే గ్లవ్ లేకుండా పిడికిలితో తలమీద గుద్దితే చిటికెన వేలి వెనక ఎముక విరగడం మామూలే.

ఇక చెడుగుడు. దీన్ని ఎవరూ మార్షల్ ఆర్ట్ అనరు, కానీ మన క్లాసులో అతి ముఖ్యమైన భాగం ఇదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆలోచించండి, కూతకెళ్ళినవాడి పనేంటి, నలుగురు పట్టుకుంటున్నా గుంజుకుని గీత ముట్టుకోవడం, అంతే కదా. సెల్ఫ్ డిఫెన్స్ అంటే కూడా అదే, వాణ్ణి ఓడించడం మన పని కాదు, వెలుతురూ జనమూ ఉన్న చోటికి చేరడం మన పని. పైగా చెడుగుడులో ఎవడూ ఊరికే నిలబడి పట్టుకోనివ్వడు, పట్టుకున్నవాడు వదలడు.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి. 1882లో జపాన్‌లో జూడోని మొదలుపెట్టిన జిగోరో కానో కొడోకాన్ అనే తన జూడో స్కూల్ పెట్టేనాటికి ఆయన తెంజిన్ షిన్యో, కితో అనే రెండు పాత జుజుత్సు (ఆయుధం లేకుండా కొట్లాడే జపాన్ విద్య) సంప్రదాయాలు నేర్చుకుని ఉన్నాడు. వాటిల్లోంచి విసరడాలు, పట్టులు తీస్కున్నాడు, పూర్తి బలంతో చేస్తే మనిషి పాడైపోయే దెబ్బల్ని మాత్రం రోజువారీ ఫ్రీ ప్రాక్టీసులోంచి తీసేసి విడిగా కటాల్లో, అంటే ముందే అనుకున్న వరసలో చేసే కదలికల్లో, భద్రపరిచాడు. దాంతో ఆయన శిష్యులు రోజూ నిజంగా బలం చూపించుకుంటూ ప్రాక్టీస్ చేయగలిగారు. కంట్లో పొడిచే దెబ్బ చాలా ప్రమాదకరమైందే, కానీ దాన్ని ఫ్రెండ్ మీద ప్రాక్టీస్ చేయలేం, మరి ఎప్పుడూ చేయనిది భయపడ్డప్పుడు ఎట్లా వస్తుంది? ఇమీ లిక్టెన్‌ఫెల్డ్ కూడా 1930ల్లో యూరప్‌లోని బ్రాటిస్లావా నగరంలో యూదుల పేటల మీదికి మూకలు వస్తుంటే ఎదుర్కొన్నాడు, పోటీల్లో గెలిచిన బాక్సింగ్, కుస్తీ వీధిలో అట్లాగే పనిచేయవని చూసి మార్చుకుంటూ పోయాడు, అదే తర్వాత క్రావ్ మగా అనే ఇజ్రాయెల్ ఆత్మరక్షణ విద్య అయింది. వీళ్ళెవరూ పాతదాన్ని పారేయలేదు, ఎదురుతిరిగే మనిషి మీద పెట్టి చూశారు.

మేం పెట్టి చూసే పద్ధతి ఇది. ఉదాహరణకి మణికట్టు విడిపించుకోవడం తీస్కుందాం. వాడి బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య సందు ఉంటుంది, మన చెయ్యి సన్నటి వైపు ఆ సందుకి ఎదురుగా వచ్చేలా తిప్పి, ఏటవాలు అడుగు దగ్గరికేసి మన మోచేతిని వాడి మోచేతి వైపు తోస్తూ లాగాలి. చేత్తో లాగితే రాదు, అడుగుతో వస్తుంది. మొదటి వారం మెల్లగా, పార్ట్‌నర్ సగం బలంతో పట్టుకోవాలి. రెండో వారం వదలకుండా పట్టుకోవాలి, గుంజుతూ ఉండాలి. మూడో వారం నేల మీద గీత గీసి ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఎవరు ఏ వైపు నుంచి ఎట్లా పట్టుకుంటారో చెప్పకుండా పది సెకన్లలో విడిపించుకుని గీత ముట్టుకోవాలి, అచ్చం చెడుగుడే. పదిసార్లలో కనీసం ఆరుసార్లు, అదీ తనకంటే బరువైన వాళ్ళ మీద రాకపోతే ఆ టెక్నిక్ మా లిస్టులోంచి తీసేస్తాం, అది ఎవరు నేర్పినా సరే. మా పెదనాన్న నేర్పినవి రెండు తీసేశాను, చెప్పడానికి మనసొప్పలేదు, ఆయనకే చూపిస్తే కాసేపు చూసి, తనే వచ్చి ఒకదాంట్లో అడుగు మార్చి ఇచ్చాడు, అది ఇప్పుడు పదికి ఎనిమిదిసార్లు వస్తోంది.

ఇట్లా చేస్తే చివరికి ఆరేడు మిగుల్తాయి. అంతే చాలు, పెంచకండి. ఎంచుకోవాల్సినవి ఎక్కువయ్యేకొద్దీ మెదడు ఆలస్యం చేస్తుంది, మానసిక శాస్త్రంలో దీన్ని హిక్ సూత్రం అంటారు. జుట్టు పట్టుకుంటే వాడి చేతిని రెండు చేతులతో మన తలకే అదిమిపట్టి వాడి వైపే వెళ్ళడం, వెనక నుంచి వాటేసుకుంటే తుంటి కిందికి దించి కాళ్ళు వెడల్పు చెయ్యడం, ఇలా లిస్టులో ఒక్కో దాడికి ఒక్కటే జవాబు పెట్టుకోండి.

కత్తి గురించి అబద్ధాలు నేర్పకండి, దయచేసి. 1983లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీస్ డెనిస్ ట్యూలర్ లెక్కగట్టి రాశాడు, కత్తి ఉన్నవాడు 21 అడుగుల దూరం ఒకటిన్నర సెకనులో వచ్చేస్తాడని, నడుముకి గన్ ఉన్న పోలీసుకే అది తీసి కాల్చడానికి అంత టైమ్ పడుతుంది. ఉత్త చేతులతో కత్తి లాక్కునే టెక్నిక్ చూపించి పిల్లలకి లేని ధైర్యం ఇవ్వొద్దు. పర్స్ అడిగితే విసిరేసి పరుగు, పారిపోయే దారి లేకపోతే మధ్యలో బ్యాగో కుర్చీయో అడ్డం పెట్టడం, ఇంతవరకే మేం నేర్పేది.

గొంతు కూడా ప్రాక్టీస్ చేయించండి. మా దగ్గర సగం మందికి మొదటి రోజు గట్టిగా "వదులు" అని అరవడమే రాలేదు, చిన్నప్పటి నుంచి మెల్లగా మాట్లాడమనే కదా పెంచింది. ప్రతి డ్రిల్‌లో అరుపు ఉండాల్సిందే. 112కి ఫోన్ చెయ్యడం, ఎక్కడున్నారో ఒక్క వాక్యంలో చెప్పడం కూడా చేయించండి. ఒక క్లాసు చట్టానికి పెట్టండి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే, అందులో 37 ప్రకారం రక్షణకి అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేసే హక్కు ఉండదు. వాడు పడిపోయి మనం తప్పించుకునే వీలున్నా ఇంకా కొడితే అది రక్షణ అనిపించుకోదు.

మా క్లాసు గంటన్నర. పది నిమిషాలు కర్ర తిప్పుడు, పదిహేను నిమిషాలు దండీలు బస్కీలు, పావుగంట అడుగులు, పడటం పది నిమిషాలు, మిగతాదంతా పట్టుకోవడం విడిపించుకోవడం గీత ముట్టుకోవడం. నెలకోసారి ట్రాక్ ప్యాంట్లు వద్దని చెప్తాను, రోజూ కాలేజీకీ ఆఫీసుకీ వేసుకెళ్ళే బట్టలతోనే రావాలి, చున్నీ, చెప్పులు, భుజాన బ్యాగు, ఒక చేతిలో ఫోన్, అట్లాగే చీకటి పడే టైముకి గోడ పక్కన పెట్టి అదే డ్రిల్. మొన్న ఒకమ్మాయికి చున్నీ గొంతుకి చుట్టుకుంది, ఆ రోజు నుంచి చున్నీ విడిపించుకోవడం కూడా మా లిస్టులోకి వచ్చింది, దానికింకా సరైన జవాబు దొరకలేదు, ఈ ఆదివారం మూడు రకాలుగా చేసి చూడబోతున్నాం.