ప్రాణంగా చూసుకున్న వస్తువు పోయినప్పుడు

పంతొమ్మిదేళ్లు నా చేతిలో ఉన్న కత్తెర పోయింది. పది అంగుళాల ఇనప కత్తెర. బొటనవేలు దూర్చే రింగు ఒరుసుకుంటుందని దానికి ఎర్ర గుడ్డపీలిక చుట్టి ఉంచేదాన్ని. నాకు కుట్టుపని నేర్పిన మేనత్త ఇచ్చిన కత్తెర అది. బస్సు దిగేటప్పుడు రెండు సంచులు తీసుకున్నాను, మూడోది సీటు కింద ఉండిపోయింది. కత్తెర ఆ మూడో సంచిలో ఉంది.

ఆ తర్వాత నెలన్నర నేను మనుషుల్లో లేను. "పోతే పోయింది, ఇంకోటి కొనుక్కో" అన్నవాళ్ల మీద కోపం వచ్చేది. "ఇళ్లే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, నీదెంత" అన్నవాళ్ల మీద ఇంకా ఎక్కువ వచ్చేది. ఇప్పుడు ఆ కత్తెరను తలుచుకుంటే అది పోయిన రోజు కాదు, నా దగ్గరికి వచ్చిన రోజు ముందుగా గుర్తొస్తోంది. ఇక్కడిదాకా ఎలా వచ్చానో చెబుతాను. మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందు వెతకండి, కానీ ఒక గడువు పెట్టుకుని వెతకండి. వస్తువు గుర్తులు కాగితం మీద రాసుకోండి: కొలత, రంగు, ఎక్కడ గీత పడింది, ఎక్కడ విరిగింది. దారిలో పోయి ఉంటే, దొరికిన వస్తువులు దాచే చోట ఆ కాగితం, మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. పోయింది ఫోన్ అయితే సిమ్ ఆపించడం, పాస్‌వర్డ్‌లు మార్చడం మొదటి గంటలోనే చేయాలి. నేను పదిహేను రోజులు గడువు పెట్టుకున్నాను. అలా పెట్టుకోకపోతే చూసిన అలమరానే రోజూ తెరుస్తూ ఉంటాం. పదహారో రోజు నుంచి వెతకలేదు. దొరికినవాళ్లు ఫోన్ చేయాలనుకుంటే చేస్తారు, నంబరు వాళ్ల దగ్గరుంది.

ఇంత చిన్న వస్తువుకు ఇంత బాధేంటని సిగ్గుపడకండి. నా కూతురు సైకాలజీ చదువుతోంది. తను ఒక పరిశోధన గురించి చెప్పింది. డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్, ఇంకొకాయన కలిసి చేశారట, 1990లో అచ్చయింది. కొంతమంది విద్యార్థులకు కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు రానివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. చేతిలో కప్పు ఉన్నవాళ్లు చెప్పిన ధర మిగతావాళ్లు చెప్పినదానికి సుమారు రెట్టింపు. అప్పుడే చేతికొచ్చిన కప్పు సంగతే ఇలా ఉంటే, పంతొమ్మిదేళ్లు నాతో ఉన్న కత్తెర పోయినందుకు నేను ఏడవడంలో తప్పేముంది? ఆ మాట విన్నాక నామీద నాకే ఉన్న చిరాకు చాలావరకు తగ్గింది.

తర్వాత రాయండి. అందంగా రాయనక్కర్లేదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే ఆయన 1980లలో కొందరిచేత రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు మనసులోని బాధ రాయించాడని కూడా నా కూతురే చెప్పింది. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుందట, మేలు తర్వాత కనబడుతుందట. నాకూ అంతే అయింది. మొదటి రెండు రోజులూ నన్ను నేను తిట్టుకోవడమే: మూడో సంచి ఎందుకు చూసుకోలేదు, ఎవరితో ఆ మాటలు, అంత తొందరేమొచ్చింది. మూడో రోజు అనుకోకుండా వేరే సంగతి కలం కిందికి వచ్చింది.

బట్ట కత్తిరించే కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుంది. కుట్టేవాళ్లందరికీ ఇది తెలుసు. నా కూతురికి ఆరేళ్లప్పుడు ఆ కత్తెరతో రంగు కాగితం కోసి పువ్వు చేసింది. నాకు ఇవ్వడానికే చేసింది. నేను పువ్వు చూడలేదు, కత్తెర అంచు చూశాను. గట్టిగా అరిచాను, పిల్ల బిగుసుకుపోయింది. ఇన్నేళ్లూ అది నాకు గుర్తే లేదు. రాసింది తనకు చదివి వినిపించి, తప్పు నాదేనన్నాను. "నాకు గుర్తుందమ్మా" అంది. ఇంకేమీ అనలేదు, వచ్చి పక్కన కూర్చుంది. మీరు రాసేటప్పుడు కూడా ఆ వస్తువు ఇచ్చిన మంచితో పాటు, దాన్ని కాపాడుకోవడం కోసం మీరు ఎవరిని దూరం పెట్టారో ఒక్కసారి రాసి చూడండి. కష్టమే. నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే.

నాలుగో రోజు కాగితాన్ని నిలువుగా మడిచి రెండు వరసలు రాశాను. ఒకవైపు ఏం పోయింది, ఇంకోవైపు ఏం మిగిలింది. పోయినవి: ఆ బరువు, మూసినప్పుడు వచ్చే 'టక్' శబ్దం, ఎర్ర పీలిక. మిగిలినవి: సుద్దగీత మీద నుంచి జారకుండా కోసే చెయ్యి, బట్ట వాటం పట్టుకుంటేనే తెలిసే వేళ్లు, బొటనవేలి కణుపు మీద ఆ కత్తెర కాయించిన కాయ. ఈ రెండో వరస నింపడానికి తొందరపడకండి. మొదటిది నిజాయితీగా రాస్తేనే రెండోదాన్ని మనసు నమ్ముతుంది.

కృతజ్ఞత అన్నది, నన్నడిగితే, 'నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు' అనుకుంటే రాదు. ఇంకొకరి కష్టం మీద నిలబెట్టిన ఊరట రెండు రోజులుండదు. నాకు పనిచేసింది ఇంకో పద్ధతి: అసలు ఆ వస్తువు నా చేతికి రాకపోయి ఉంటే? ఆ వేసవిలో నేను మేనత్త దగ్గరికి వెళ్లకపోయి ఉంటే? ఆమె కుదరదు పొమ్మని ఉంటే? ఇలా ఒక్కో మెట్టు తీసేసుకుంటూ పోయాను. పని లేదు, సొంత సంపాదన లేదు, ఈ చేతులకు ఈ విద్య లేదు. వెన్ను జలదరించింది. జరిగిన మంచి జరగకుండా పోయే దారులను ఊహించుకున్నవాళ్లకు, అది ఎలా జరిగిందో తలుచుకున్నవాళ్లకంటే మనసు తేలికపడిందని 2008లో వచ్చిన ఒక పరిశోధన కూడా చెప్పిందట. కానీ వస్తువు పోయిన మొదటి వారంలో ఈ పని పెట్టుకోకండి. పచ్చిపుండు మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది.

ఇచ్చినవాళ్లు బతికి ఉంటే చెప్పండి. మేనత్తకు ఫోన్ చేయడానికి నెల రోజులు భయపడ్డాను. చివరికి "అత్తా, నువ్విచ్చిన కత్తెర పారేసుకున్నాను" అన్నాను.

"ఏ కత్తెరే?" అంది.

ఎర్ర పీలిక చెప్పాను, పది అంగుళాలని చెప్పాను. ఆమెకు గుర్తు రాలేదు. "నువ్వు మొదటి చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కకు కోసి, బల్ల కింద దూరి ఏడ్చావు చూడూ, అది గుర్తుంది" అంది. ఆ బట్ట ఆమె విప్పి ఏం చేసిందో, నన్ను ఎలా బయటికి పిలిచిందో అరగంట చెప్పింది. కత్తెరను మళ్లీ అడగలేదు. నేను పంతొమ్మిదేళ్లు ఒక ఇనప ముక్కను ఆమె గుర్తుగా దాచుకున్నాను, ఆమె నన్ను దాచుకుంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కదల్లేకపోయాను.

వారానికోసారి, రోజూ కాదు, ఉన్నవాటి గురించి నాలుగైదు వాక్యాలు రాసుకోండి. రోజూ రాస్తే మొక్కుబడి అయిపోతుంది, నాకు అలాగే అయింది. 'ఇల్లు, ఆరోగ్యం' అని రాయకండి. 'మిషన్ పెడలు కిర్రుమంటుంటే పక్కింటావిడ నూనె సీసా తెచ్చిచ్చింది' అని రాయండి.

కొత్తది కొనడానికీ తొందర వద్దు. పాతదాని మీద కోపంతో కొంటే కొత్తది ప్రతి క్షణం ఓడిపోతుంది. నేను రెండు నెలలు అరువు కత్తెరతో కోశాను. ఆ తర్వాత తెచ్చుకున్న కత్తెర కాస్త తేలికగా ఉంటుంది, దాని శబ్దం వేరు. రింగుకు పీలిక చుట్టుకున్నాను, ఈసారి నీలం.

మొన్న నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి అది అందుకోబోయి, ఆగి నా వైపు చూసింది. పాత కత్తెరను ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదని తనకు తెలుసు. తీసుకోమన్నాను. సుద్దగీత మీద పెట్టింది, చెయ్యి వణికింది, గీతకు పావు అంగుళం పక్కకు పోయింది. ఆ ముక్క నా దగ్గరే ఉంది.