ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో సైకిల్ స్టాండ్ పెట్టించడం ఎలా?

హైదరాబాద్‌లో నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. ట్రాక్ ఎంత బాగున్నా, దిగిన చోట తాళం వేసుకునే దిక్కు లేకపోతే సైకిల్ ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ లోటు తీర్చడం ఆఫీసు అడ్మిన్, అపార్ట్‌మెంట్ కమిటీ చేతిలో పని.

కమిటీని ఒప్పించడానికి ఒక లెక్క చాలు. 2.5 × 5 మీటర్ల కారు జాగాలో మీటరు ఎడంతో ఐదు స్టాండ్లు పడతాయి. ఒక్కోదానికి అటొకటి, ఇటొకటి, మొత్తం పది సైకిళ్లు.

ముందు చక్రం దూర్చే రకం స్టాండు కొనకండి. చౌకే, కానీ పక్క సైకిల్ తగిలి ఒరిగితే రిమ్ము వంగుతుంది, డిస్క్ బ్రేకు రోటర్ కూడా. పైగా తాళం చక్రానికే పడుతుంది. క్విక్ రిలీజ్ (పనిముట్లు లేకుండా చక్రం ఊడదీసే మీట) ఉంటే చక్రం వదిలేసి మిగతాది ఎత్తుకుపోవడం నిమిషం పని. తాళం ఫ్రేమ్‌కు పడాలి. అందుకు తిరగేసిన ‘యూ’ పైపును మించింది లేదు.

40 ఎంఎం జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) పైపు, నీలం పట్టీ ఉన్న మీడియం రకం అడగండి. బయటి వ్యాసం 48 ఎంఎం దాకా ఉంటుంది, యూ-లాక్ (యూ ఆకారపు గట్టి తాళం) సులువుగా పడుతుంది. ఎత్తు 75 సెం.మీ., పొడవు 75, రెండు కాళ్లూ నేలలోకి 30 చొప్పున. అంటే స్టాండుకు 2.85 మీటర్లు, ఆరు మీటర్ల పైపుకు రెండు వస్తాయి. వెల్డింగ్ చేసిన మూలల్లో జింక్ పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. వెల్డర్ వెళ్లకముందే రుద్దించి జింక్ పెయింటు వేయించండి.

గుంట 30 సెం.మీ. చదరం, 40 లోతు. పైపు చుట్టూ కాంక్రీటును బయటికి వాలుగా తీర్చకపోతే వాననీళ్లు పైపు మొదలు దగ్గర నిలిచి దాన్ని తినేస్తాయి. వారం పాటు తడపాలి, అప్పటిదాకా సైకిల్ ఆనించొద్దు.

సెల్లార్ స్లాబులో మాత్రం గుంట తవ్వొద్దు. 150 ఎంఎం చదరపు బేస్ ప్లేటు, 8 ఎంఎం మందం, నాలుగు ఎం12 (12 ఎంఎం) యాంకర్ బోల్టులు వాడండి. నట్టుకు చిన్న వెల్డింగ్ చుక్క పెట్టిస్తే స్పానర్‌కు ఊడదు. పోస్ట్ టెన్షన్ స్లాబైతే లోపల బిగించిన తీగలుంటాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్ గుర్తు పెట్టిన చోటే డ్రిల్ చేయించాలి.

స్టాండ్ల మధ్య మీటరు తగ్గించొద్దు. హ్యాండిల్ వెడల్పే 60 సెం.మీ. దాకా ఉంటుంది, ఇరుకైతే రెండో పక్క ఎవరూ పెట్టరు. స్టాండు చివరి నుంచి గోడకు 60 సెం.మీ. వదలండి.

చోటు గేటు దగ్గర, వాచ్‌మన్ కంటి ఎదుట, కప్పు కింద ఉండాలి. కింది సెల్లార్ వద్దు: ర్యాంపు ఎక్కడం కష్టం, జూలై వానకు నీళ్లు ముందు చేరేదీ అక్కడికే.

అపార్ట్‌మెంట్లలో పిల్లల పాత సైకిళ్లే జాగా తినేస్తాయి. ఆర్నెల్లకోసారి ప్రతిదానికీ ఫ్లాట్ నంబరు అడుగుతూ చీటీ కట్టండి. నెలలోగా ఎవరూ విప్పని చీటీలున్న సైకిళ్లను, నోటీసు బోర్డులో పెట్టి, తీసేయండి.