చార్ట్ చూడటం ఎలా మొదలుపెట్టాలి
బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లు ఎవరో పంపిన టిప్ చూసి షేర్లు కొనేస్తుంటారు, ముందు ఆ షేర్ ధర ఎలా కదిలిందో చూపే చార్ట్ తెరవండి బాబూ. ఐదు నిమిషాల చార్ట్ వద్దు, టెన్షన్ తప్ప ఏమీ రాదు. డైలీ క్యాండిల్స్ (ఒక్కో రోజు ధర కదలికను చూపే కడ్డీలు) పెట్టి 50, 200 రోజుల మూవింగ్ యావరేజ్‌లు, అంటే గత అన్ని రోజుల ధరల సగటు గీతలు, వేసుకోండి. ధర రెండింటికీ పైన ఉంటే ట్రెండ్ పైకే అనుకోవచ్చు.

తర్వాత, పడిన ప్రతిసారీ ధర ఎక్కడ ఆగి లేస్తోందో అక్కడ అడ్డగీత గీయండి, అది సపోర్ట్. ఎక్కి ఎక్కి ఎక్కడ వెనక్కి తిరుగుతోందో అది రెసిస్టెన్స్. గీత దాటింది కదా అని ఎగబడకండి, ఆ రోజు వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) మామూలు కంటే బాగా పెరిగిందా, మధ్యాహ్నం 3:30కి మార్కెట్ మూసేసరికి ధర గీత పైనే నిలిచిందా చూడండి, లేదంటే అది ఉత్త హడావిడే కావచ్చు.

ధర ఎంత జోరుగా కదులుతోందో 0 నుంచి 100 లోపు చెప్పే ఆర్‌ఎస్‌ఐ అనే సూచిక 70 దాటితే అమ్మేయాలంటారు గానీ, గట్టి ట్రెండ్‌లో అది వారాల తరబడి అక్కడే ఉండగలదు. కొనేముందే సపోర్ట్‌కి కాస్త కింద స్టాప్‌లాస్, అంటే అక్కడికి పడితే నష్టానికైనా అమ్మేసే ధర, రాసుకోండి. కంపెనీ ఫలితాలొచ్చే రోజు మాత్రం ఏ గీతా ఆగదు, నేనైతే ఆ రోజు కొనను.