డీజిల్ పికప్ మరమ్మతు – 3వ పాఠం: పొద్దున మొరాయించే బండి

పోయిన పాఠంలో బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ చూశాం. బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గరుండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 వోల్టుల కిందికి పడకుండా, ఇంజన్ చురుగ్గా తిరుగుతున్నా బండి అందుకోవట్లేదా? అయితే ఈ పాఠం మీకే. ఆ పరీక్ష చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఇంజన్ మందంగా తిరుగుతుంటే డీజిల్ వైపు వెతకడం దండగ.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే తిరుగుడు బాగుంటే ఇక చూడాల్సింది రెండే: లోపల వేడి చాలుతోందా, డీజిల్ అందుతోందా. ఈ సంగతి సైలెన్సర్ దగ్గరే తెలిసిపోతుంది. ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీరు వెనక నిలబడండి. పది సెకన్లకు మించి కొట్టనివ్వొద్దు, మళ్లీ కొట్టే ముందు అర నిమిషం ఆపించండి. తెల్లపొగతో పాటు పచ్చి డీజిల్ వాసన వస్తే, డీజిల్ వెళ్తోంది కానీ అంటుకోవట్లేదు. అప్పుడు చల్లటి సిలిండర్‌ను ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్‌లు, కంప్రెషన్ (గాలిని నొక్కే బలం) చూడాలి. పొగే రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరట్లేదు. మన నల్లగొండ, పాలమూరు వైపు డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో తప్ప హీటర్ ప్లగ్‌ల మీద పెద్ద అనుమానం పెట్టుకోను. ముందు డీజిల్ దారే చూస్తాను.

మన దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. బత్తాయి లోడు దించి రాత్రి ఇంటి ముందు నిలిపిన బండి, పొద్దుగాల అయిదారుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. ఒకసారి అందుకుందంటే రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. ఇది వింటే డీజిల్ పంపు పోయిందని చెప్పేవాళ్లు చాలామంది. పంపు అరిగిన బండి రోజంతా అంత హాయిగా నడవడం అరుదు. రాత్రంతా నిలబడ్డాకే ఇబ్బంది వస్తోందంటే, పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయి ఆ చోట గాలి చేరిందేమోనని ముందు అనుమానించాలి.

పాత రకం పికప్‌లలో ట్యాంకు కింద ఉంటుంది, డీజిల్‌ను ఇంజన్ దగ్గరి ఫీడ్ పంపు పీల్చుకుంటుంది. స్ట్రాకు పైన చిన్న చిల్లు పడితే కొబ్బరినీళ్లు రాకుండా గాలే వచ్చినట్టు, పైపులో ఎక్కడ సందు దొరికినా గాలి దూరుతుంది. అందుకే ఈ లోపం కంటికి కనబడదు. పీల్చే వైపు పైపుకు చిల్లు ఉన్నా డీజిల్ కారకపోవచ్చు. కింద తడి లేదని పైపులు బాగున్నాయనుకోవద్దు.

పరీక్ష చాలా తేలిక. పొద్దున సెల్ఫ్ ముట్టుకోకముందే ఫిల్టర్ మీది హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) నొక్కండి. మొదట మెత్తగా ఉండి, కాసేపటికి గట్టిపడి, ఆ తర్వాత ఒక్క సెల్ఫ్‌కే బండి అందుకుంటే గాలి సంగతి దాదాపు ఖాయం. ఇంకో రాత్రి బండి ముక్కు పల్లం వైపు ఉండేలా నిలపండి. పొద్దున తేలిగ్గా స్టార్ట్ అయితే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇక చోటు పట్టుకోవాలి. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శక పైపు, డీజిల్‌కు తట్టుకునేది, పెట్టి ఇంజన్ నడపండి. మొదట్లో కొన్ని బుడగలు మామూలే. కొన్ని నిమిషాల తర్వాతా ఆగకుండా వస్తుంటే అదే పైపును ఫిల్టర్ ముందుకు మార్చండి. అక్కడా బుడగలొస్తే లోపం ట్యాంకు వైపు ఉంది, రాకపోతే ఫిల్టర్ దగ్గర. ఫిల్టర్ రబ్బరు రింగు, ప్రైమర్, బోల్టు కింది రాగి వాషర్లు, క్లిప్పుల కింద పగిలిన రబ్బరు పైపు చివర్లు, వీటిని ఒక్కొక్కటే చూడండి. ఎండలు 45 డిగ్రీలు తాకే మన జిల్లాల్లో ఇంజన్ వేడి కూడా తోడై రబ్బరు గట్టిపడి పగులుతుంది. క్లిప్ ఇంకాస్త బిగిస్తే ఫలితం ఉండదు, పగిలిన చివర కత్తిరించండి లేదా పైపే మార్చండి. పంపు విప్పుదామని ఎవరైనా అంటే, ముందు క్లిప్పులు చూశారా అని అడగండి.

కొత్త కామన్ రైల్ బండ్లలో, అంటే ఎక్కువ ఒత్తిడితో ఉన్న డీజిల్‌ను ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ పంచే బండ్లలో, కొన్నింటికి ట్యాంకులోనే కరెంటు పంపు ఉంటుంది. అది నెడుతుంది కాబట్టి లోపముంటే డీజిల్ బయటికే కారుతుంది. తాళం తిప్పగానే వెనక నుంచి పంపు చప్పుడు వస్తోందా వినండి.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. పాత బండ్ల మీద నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) నట్టు వదులుచేసి గాలి తీసే అలవాటు కామన్ రైల్ బండి దగ్గర వద్దే వద్దు. ఆ పైపులో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. గాయం సూదిమొన అంతే కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వచ్చే పాఠానికి ఇంటిపని: చల్లారిన బండి ఫిల్టర్ అడుగు స్క్రూ వదులుచేసి, వచ్చినది గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరతాయి. పొలం దగ్గర డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోసేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. అడుగున గీత కనబడితే అది ఎంత ఎత్తుందో రాసుకోండి. 4వ పాఠంలో ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయ్యే బండి వేడెక్కాక ఎందుకు మొరాయిస్తుందో, నాజిళ్ల రిటర్న్‌ను (వాటి నుంచి ట్యాంకు వైపు వెనక్కి వచ్చే డీజిల్‌ను) సీసాలతో ఎలా కొలవాలో చూద్దాం.