ఎండు షిటాకేతో పుట్టగొడుగుల అన్నం, జపాన్ పద్ధతిలో ఎలా చేయాలి?

జపాన్ వెళ్లిన మన శాకాహారులకి మొదటి టెన్షన్ దాషి, అంటే అక్కడి వంటలకి ఆధారమైన రసం. మిసో సూప్‌లో చేపముక్క కనిపించదు కానీ, ఆ రసం చాలాచోట్ల ఎండబెట్టిన బొనీటో చేప నుంచి తీసిందే. అదే బౌద్ధ ఆలయాల్లో వండే షోజిన్ భోజనంలో చేప ఉండదు, కొంబు అనే సముద్రపు నాచుతోనూ ఎండు షిటాకే పుట్టగొడుగులతోనూ రసం తీస్తారు. ఆ షిటాకే నీళ్లనే ఎసరుగా పోసి కినోకో గోహాన్ చేద్దాం. గోహాన్ అంటే అన్నం, కినోకో అంటే పుట్టగొడుగు, మాటకి మాట చూస్తే చెట్టు బిడ్డ. మనం పుట్టని చూసి పేరు పెట్టుకున్నాం, వాళ్లు చెట్టుని చూసి పెట్టుకున్నారు.

ముందురోజు రాత్రే పని మొదలవ్వాలి. ఐదు ఎండు షిటాకేలు కడిగి, అర లీటరు చల్లటి నీళ్లలో వేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తొందరలో వేడినీళ్లు పోయొద్దు, నేను పోసి చూశాను, అరగంటలో మెత్తబడ్డాయి కానీ నీళ్లలో రుచే లేదు. దీనికి కారణం ఉంది. షిటాకే రుచికి మూలం గ్వానిలేట్ అనే పదార్థం, దాన్ని 1957లో కునినకా అకిరా గుర్తించారు. అది నానేటప్పుడు కంటే, తర్వాత పొయ్యి మీద 60 నుంచి 70 డిగ్రీల వేడి దాటేటప్పుడు ఎక్కువగా తయారవుతుంది. గోరువెచ్చగా నానబెడితే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ముందే పని మొదలెడుతుంది. కొంబులో ఉండే గ్లుటమేట్ అనే మరో రుచి పదార్థం తోడైతే ఈ రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది, కాబట్టి దొరికితే చిన్న ముక్క అదే గిన్నెలో వేసేయండి.

పొద్దున్నకి నీళ్లు లేత డికాషన్ రంగులో ఉంటాయి. కొంబు తీసేసి, అడుగున ఇసుక ఉంటే వదిలేసి పైనీళ్లు వంచుకోండి. షిటాకే కాడ చివర గట్టిగా ఉంటుంది, అంతవరకే కోసేసి మిగతాది సన్నగా తరగండి.

రైస్ కుక్కర్ కప్పుతో రెండు కప్పుల జపాన్ బియ్యం కడిగి అరగంట నానబెట్టి వడకట్టండి. రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక చెంచా మిరిన్ అనే తియ్యటి బియ్యపు సారా (ఆల్కహాల్ వద్దనుకుంటే చిటికెడు పంచదార), వాటికి షిటాకే నీళ్లు కలిపి మొత్తం 400 మిల్లీలీటర్లు చేసి గిన్నెలో బియ్యం మీద పోయండి. పైన షిటాకే, చేత్తో విడదీసిన షిమెజి, మైటాకే పుట్టగొడుగులు పరవండి. కలపకండి, కలిపితే అన్నం సమంగా ఉడకదు. ఇది మన అత్తెసరే: పొంగు వచ్చేదాకా మధ్యస్థ మంట, ఆపైన సన్నసెగ మీద పన్నెండు నిమిషాలు, కట్టేశాక మూత తియ్యకుండా మరో పది. అడుగున సోయా పట్టి ఎర్రగా వేగిన పొరని అక్కడ ఒకొగే అంటారు, దాన్ని గీకి అందరికీ పంచాలి, అంత బాగుంటుంది.

ఆరోగ్యం సంగతికొస్తే, పుట్టగొడుగుల్లో పీచు, పొటాషియం ఉంటాయి, కొవ్వు బాగా తక్కువ. ఈ రుచి ఉన్నచోట ఉప్పు తగ్గించినా వంట చప్పగా అనిపించదు, నా లెక్కలో అదే పెద్ద లాభం. కొన్న ఎండు షిటాకేలని గొడుగు కిందివైపు పైకి ఉండేలా ఒకటి రెండు గంటలు ఎండలో పెట్టండి, వాటిలోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం విటమిన్ డి2గా మారుతుంది. క్యాన్సర్ తగ్గిస్తాయనే మాట మాత్రం నమ్మకండి. షిటాకే నుంచి తీసిన లెంటినాన్‌ని జపాన్‌లో కీమోథెరపీతో పాటు ఇంజెక్షన్‌గా వాడారు, కూరలో తినడం వేరు.

పచ్చి షిటాకే అసలు తినొద్దు, సరిగా ఉడకనివి తింటే కొందరికి ఒళ్లంతా కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. ఎనోకీ అనే సన్నటి పుట్టగొడుగుని కూడా పూర్తిగా ఉడికించాల్సిందే. అన్నంలో వేశాక మైటాకే మిగిలిందని గుడ్డుతో ఆవిరి మీద చేసే చవాన్‌ముషిలో పచ్చిగా వేస్తే అది గట్టిపడదు, మైటాకేలోని ఎంజైమ్ గుడ్డు ప్రొటీన్‌ని విరగ్గొట్టేస్తుంది. ముందు ఒక పొంగు రానిచ్చి వేయండి.